పాలపళ్ల సీసా

కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి గారను చాకుమొనతో గీకి పారేసి, డాక్టర్ ఆల్వా ప్రూయిట్ మళ్లీ నీళ్లు నింపి పొయ్యి మీద పెట్టాడు. పట్టకార్లు, కొక్కేలు, చిన్న అద్దం అందులో వేశాడు. పదకొండేళ్లుగా ప్రతి ఉదయం ఇదే పని. నీళ్లు మరిగేలోగా కిటికీ దగ్గర కూర్చుని ఒక ఉత్తరం రాయడం కూడా ఆ పనిలో భాగమే. ఎక్కడో ఒహాయోలోనో, అయోవాలోనో కౌలుకు దున్నుకునే మనిషెవరో, "కొలరాడోలో భూమి నిజంగా మీరు పత్రికలో రాసినంత మంచిదేనా?" అని అడుగుతాడు. ఈయన రెండు పేజీల జవాబు రాస్తాడు. గోధుమ ఎంత ఎత్తు పెరుగుతుందో, బావి ఎంత లోతో, బడి ఎంత దూరమో అన్నీ రాస్తాడు. మా కార్లిస్‌లో ఇప్పుడున్న నూటపది కుటుంబాల్లో సగానికి పైగా ఆ ఉత్తరాలు జేబులో పెట్టుకుని రైలు దిగినవాళ్లే.

ఆ రోజు మాత్రం కలం సిరాలో ముంచాడే గాని కాగితం మీద పెట్టలేదు. సిరా ఆరిపోయింది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొడుగు. ఊళ్లో అందరి నోళ్లలోకీ వంగి వంగి చూసినందుకు వీపు గూనిదేలింది. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారి ఉంటుంది. దగ్గరికొస్తే లవంగనూనె వాసన. బొటనవేళ్లు వెడల్పు, గోళ్ల కింద ఎప్పుడూ సన్నగా మట్టి. పళ్ల డాక్టరు గోళ్లలో మట్టేమిటని మొదట్లో జనం నవ్వుకునేవారు. పని లేనప్పుడల్లా గది వెనక నేలచెక్కలో వంగుంటాడు మరి. అక్కడ నాలుగు రేగు రకాలు, ఆరు గోధుమ రకాలు నాటి, ఏది ఈ నేలలో నిలుస్తుందో చూసి, నిలిచినదాని విత్తనం అందరికీ పంచేవాడు. భార్య లవీనియా రెండో ఏడే ఈ గాలిమోత భరించలేక పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. పిల్లల్లేరు. ఊళ్లో పిల్లలందరూ ఆయన్ని పళ్లతాత అంటారు.

ఎడమ దవడలో పొద్దుటి నుంచీ నొప్పిగా ఉంది. వేలితో ఒక్కొక్క పన్నూ తట్టి చూసుకున్నాడు. ఏదీ కాదు. దూదితో కాస్త లవంగనూనె అద్దుకుని ఊరుకున్నాడు.

బయట బావి దగ్గర పంపు కొడుతున్న చప్పుడు. ఆ బావి ఆయన తవ్వించిందే. పందొమ్మిదివందల రెండులో వాగునీళ్లు తాగి ఊళ్లో టైఫాయిడ్ వచ్చి పందొమ్మిదిమంది పోయారు. అందులో ఆరుగురు పసివాళ్లు. ఆ మరుసటేడే డాక్టరు ఇంటింటికీ టోపీ పట్టుకుని తిరిగి, నాలుగువందల ఇరవై అడుగులు తవ్వించాడు. చల్లటి నీళ్లు పడ్డాయి, అద్దంలా. ఆ తర్వాత మైదానమంతా అదే లోతున ముప్పై బావులు లేచాయి. ఈ ఎనిమిదేళ్లలో ఒక్క టైఫాయిడ్ కేసు లేదు. పంపుకి గొలుసుతో వేలాడే రేకుకప్పుతో దారినపోయేవాళ్లు తాగి, "చల్లగా ఉండండి డాక్టర్ గారూ!" అని కేకేసి పోతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపడం ఆయనకి ఇష్టమైన పని. ఈమధ్య ఊపడం మానేశాడు. అది ఎవరూ గమనించలేదు.

తలుపు తోసుకుని రోక్సానా టీగ్ లోపలికొచ్చింది. వెనకాల కూతురు ఎఫీని రెక్క పట్టుకుని లాక్కొస్తోంది. ఎఫీకి ఏడున్నరేళ్లు. కార్లిస్‌లోనే పుట్టిన బిడ్డ.

"డాక్టర్ గారూ, మీకు పుణ్యముంటుంది, దీని పళ్ల సంగతి చూడండి. ఉప్పేసి తోమాను, సోడా వేసి తోమాను, ఇటికపొడి కూడా వేశాను. పోయి చావదు!"

"ముందు కూర్చోనివ్వమ్మా దాన్ని."

ఎఫీ కుర్చీ ఎక్కి, గుప్పెట చాపి విప్పింది. అందులో కొత్తగా ఊడిన పాలపన్ను. ఇది మా ఊళ్లో పద్ధతి. కార్లిస్‌లో పుట్టిన పిల్లలు పాలపన్ను ఊడగానే పళ్లతాతకి తెచ్చిస్తారు, ఆయన బదులుగా పిడికెడు గోధుమ విత్తనం ఇస్తాడు. పిల్లలు దాన్ని గుమ్మం ముందు చల్లుకుంటారు. పళ్లన్నీ కిటికీలో ఉన్న గాజుసీసాలో పడతాయి. సీసా దాదాపు నిండింది.

"పోయినసారి ఇచ్చినవి మొలిచాయి తాతా. మళ్లీ ఎండిపోయాయి," అంది ఎఫీ పెదాలు విప్పీ విప్పకుండా.

"ఈసారి నిలుస్తాయిలే బంగారం." పన్నును సీసాలో వేశాడు. అన్నిటికన్నా పైన పడింది. "ఏదీ, ఆ అను."

అనలేదు. తల్లి వీపు మీద ఒక్కటిచ్చాక అంది.

పైవరుసలో ముందరి రెండు పళ్లు కొత్తగా, వెడల్పుగా దిగి ఉన్నాయి. సుద్దముక్కలా వెలుగు లేకుండా, గరుకుగా ఉన్నాయి. మధ్యలో అడ్డంగా కాఫీ మరకలాంటి చార. ఒకదాని అంచున సూదితో పొడిచినట్టు గుంటలు. డాక్టరు కొక్కెంతో మెల్లగా గీకాడు. ఏమీ ఊడి రాలేదు. రాదని ఆయనకి తెలుసు, అయినా గీకాడు.

"ఇది మురికి కాదమ్మా. పన్ను పుట్టడమే ఇలా పుట్టింది."

"అదేం మాట? మా ఓవెన్‌గాడివి ముత్యాల్లా ఉన్నాయే! ఒకే కంచం, ఒకే సబ్బు, ఒకే తల్లి. వాడు తోమడు కూడా, చచ్చినా తోమడు!"

"ఓవెన్ ఇక్కడికొచ్చేటప్పటికి ఎన్నేళ్లు?"

"ఐదు నిండాయి."

డాక్టరు అద్దాన్ని నీళ్లలో ముంచి తుడిచాడు. ఐదేళ్లకి ఆ పళ్లు చిగుళ్ల లోపలే తయారైపోయి ఉంటాయి. ఓవెన్ తన పళ్లు ఒహాయో నుంచి తనతోనే తెచ్చుకున్నాడు.

"పోయినేడు మిసెస్ కిట్రిడ్జ్‌ని అందరి ముందూ చీవాట్లేశారుగా, పిల్లలకి పళ్లు తోమడం కూడా చేతకాదా అని. నన్నూ వెయ్యండి, పడతాను. ఇవి తెల్లబడితే చాలు," అంది రోక్సానా. "ఆడపిల్ల, డాక్టర్ గారూ."

ఆయన పోయినేడు మిసెస్ కిట్రిడ్జ్‌ని తిట్టింది నిజమే. ఆమెనొక్కదాన్నేనా? రెండు శరదృతువులుగా తొమ్మిదిమంది తల్లుల్ని తిట్టాడు. పొగాకు నములుతున్నారేమో చూసుకోండన్నాడు, పంది మాంసం మానిపించండన్నాడు. గరుకు రాతిపొడితో ఆ పసినోళ్లు నెత్తురొచ్చేదాకా రుద్దాడు. ఫిబ్రవరిలో వాగు ఒడ్డున గొర్రెలు కాసుకునే నార్‌బర్గ్ ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పిల్ల నోరు చూశాడు. ఎఫీ ఈడే. ఒంటిమీద సబ్బు ఎరుగదు. నెలకోసారైనా పళ్లు తోమదు. నోరు తెరిస్తే తెల్లగా మెరిశాయి. ఆ ఇంట్లో మంచునీళ్లు, వాగునీళ్లు తాగుతారు. ఊరి బావి మొహం చూడరు. ఆ రాత్రి ఆయన చిన్న పుస్తకంలో ఇంటింటి పేరూ రాసి, ఎదురుగా బావి లోతు రాసుకుంటూ పోయాడు. పుస్తకం మూసేటప్పటికి సంగతి తెలిసిపోయింది. లోతు బావి నీళ్లు పసితనం నుంచీ తాగిన బిడ్డలకే ఈ పళ్లు.

ఇది తెలిశాక కూడా ఉత్తరాలు రాశాడు. అదే ఆయన్ని తినేస్తున్నది.

"ఇవాళ రైలుకి ఎఫీని తీసుకురావాలా?" అని అడిగింది రోక్సానా. "ఏటా అదేగా ముందు నిలబడేది. కొత్త గౌను కుట్టాను."

"ఇవాళ వద్దులే అమ్మా. ఎండ బాగా ఉంది."

ఎఫీ కుర్చీ దిగి, గోధుమలు తీసుకోకుండానే బయటికెళ్లిపోయింది.

ఏటా మే నెల మూడో శనివారం భూములు చూసేవాళ్ల రైలు వస్తుంది. ఆ రోజు స్టేషన్‌లో డాక్టర్ ప్రూయిట్ చేసే పని ఒకటుంది. గుర్రాల బేరగాడు గుర్రం మూతి ఎత్తి పళ్లు చూపిస్తాడే, అలాగే ఈయన కార్లిస్‌లో పుట్టిన పిల్లని ఎత్తి సామాన్ల బండి మీద నిలబెట్టి, నోరు తెరిపించి, "చూడండి! ఈ నేల పండించిన రొట్టె, ఈ నేల ఇచ్చిన నీరు! ఇలాంటి పళ్లు మీ ఊళ్లో ఉన్నాయా?" అని అడుగుతాడు. జనం చప్పట్లు కొడతారు. ఆరేళ్లుగా ఆ పిల్ల ఎఫీయే. ఆరేళ్లుగా ఆయన చూపించినవి పాలపళ్లు. వెనకొచ్చే పళ్ల సంగతి ఎవరికి తెలుసు? మొదట్లో అవి ఎవరికీ రాలేదు కదా!

పదకొండింటికి మైలో స్ట్రౌడ్ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భూముల కంపెనీ మనిషి. నలభై ఏళ్లు, బొద్దు మనిషి, నవ్వు మొహం. రాత్రి ఎండు మాంసం నమిలితే పన్నులో పూడ్చిన వెండి ఊడింది. జనానికి ఉపన్యాసం చెప్పేటప్పుడు ఈల వస్తోందట.

డాక్టరు పన్ను తొలిచే మరను కాలితో తొక్కుతూ అతని నోట్లో రెండు వేళ్లు, అద్దం పెట్టి ఉండగా చెప్పేశాడు. స్ట్రౌడ్ మాట్లాడలేని సమయం అదొక్కటే.

"లోతు బావుల్లో ఏదో ఉంది మైలో. పిల్లల పళ్లు పాడుచేస్తోంది. పదిహేడుమందికి చూశాను, ఇవాళ ఎఫీతో పద్దెనిమిది. ఏడేళ్లు వచ్చేదాకా వాననీళ్లు పట్టి తాగిస్తే రాదనుకుంటున్నా. ఇవాళ దిగేవాళ్లకి ఆ మాట చెప్పాలి."

"ఆఁ... ఊఁ... ఉఁహుఁ!" అన్నాడు స్ట్రౌడ్, కళ్లు పెద్దవి చేసి.

వేళ్లు తీయగానే గిన్నెలో ఉమ్మి, లేచి కూర్చున్నాడు.

"పళ్లకి మచ్చ పడి ఎవరైనా చచ్చారా డాక్టరూ? టైఫాయిడ్ నాడు ఆరు చిన్న పెట్టెలు మోశాం, మీరో వైపు నేనో వైపు. ఆ తర్వాత ఒక్కటి మోశామా? చెప్పండి! మచ్చల పళ్లతో బతకడం నయమా, తెల్లపళ్లతో గోతిలో పడుకోవడం నయమా?"

"ఆ మాట చెప్పుకోవాల్సింది ఆ తల్లిదండ్రులు. ముందు వాళ్లకి తెలియాలిగా."

"తెలిస్తే ఎవడూ దిగడు." స్ట్రౌడ్ కిటికీలోంచి ఆకాశం చూపించాడు. "చినుకు పడి నలభై రోజులు. గోధుమ కొసలు పసుపెక్కాయి. ఉన్నవాళ్లే సగం మంది మూటలు సర్దుకుంటున్నారు. కొత్తవాళ్లు దిగకపోతే రైలు ఆగదు, రైలు ఆగకపోతే బడి మూస్తారు. ఇవాళ మీరు నోరు జారారంటే వచ్చే ఏటికి మీ బావి దగ్గర నీళ్లు తాగడానికి కుందేళ్లు తప్ప ఏమీ ఉండవు. పదకొండేళ్లు, డాక్టరూ! మీరు కట్టిన ఊరు ఇది."

డాక్టరు దవడ రుద్దుకున్నాడు. నొప్పి మెడలోకి దిగుతోంది.

"నాలుగేళ్ల విల్బర్‌గాణ్ని తెస్తాను, వాడివింకా పాలపళ్లే," అన్నాడు స్ట్రౌడ్ టోపీ పెట్టుకుంటూ. "మిగతా పిల్లల్ని నోరు మూసుకుని నవ్వమంటా."

"నీ కూతురు జూనీకి ఇప్పుడు మూడేళ్లు కదూ?"

స్ట్రౌడ్ గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరగలేదు. "మూడు నిండలేదింకా," అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

రెండింటికి రైలొచ్చింది. పడమట నేలకీ నింగికీ మధ్య దుమ్ము ఒక సన్నటి చారలా నిలబడి ఉంది. అది పొద్దుటి నుంచీ అక్కడే ఉంది, దగ్గరికీ రాదు, పోదు. డప్పు, రెండు కొమ్ముబూరలు వాయిస్తున్నారు. సామాన్ల బండి మీద నడుమెత్తు గోధుమ కట్ట నిలబెట్టారు. అది మూడేళ్ల కిందటి పంట. స్ట్రౌడ్ దుప్పట్లో చుట్టి దాచి, ఏటా తెచ్చి నిలబెడతాడు. పక్కనే డాక్టరు గారి గాజుసీసా.

అరవైమంది దాకా దిగారు. ముందు వరుసలో నిండు కడుపుతో ఒక పల్చటి అమ్మాయి, పక్కన బిడియంగా భర్త. ఆమె చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. ఆ నీలిసిరాని డాక్టరు దూరం నుంచే గుర్తుపట్టాడు. టిల్లా లిండ్‌క్విస్ట్. మిన్నెసోటా నుంచి మార్చిలో రాసింది. 'మా మొదటి బాబు పాడునీళ్ల వల్ల టైఫాయిడ్‌తో పోయాడు. మాకు భూమి ఎలాంటిదైనా ఫర్వాలేదు. నీళ్లు మంచివేనా? మళ్లీ కడుపుతో ఉన్నాను. మీరు డాక్టరు కాబట్టి అడుగుతున్నాను.' ఆయన జవాబు రాశాడు. 'నాలుగువందల అడుగుల లోతు నుంచి వచ్చే శుద్ధమైన నీరు. పసిపాపకి కూడా నిర్భయంగా పట్టవచ్చు.' మార్చిలో రాశాడు ఆ వాక్యం. ఫిబ్రవరిలో నార్‌బర్గ్ ఇంటికి వెళ్లొచ్చాక!

బండి ఎక్కాడు. సీసా ఎత్తి చూపించాడు. నోరు అదే మాట్లాడింది, పదకొండేళ్ల అలవాటు. ఇక్కడి వాన, ఇక్కడి నేల, ఇక్కడ పుట్టిన పిల్లలు. స్ట్రౌడ్ విల్బర్‌ని చంకలు పట్టి ఎత్తి ఆయన పక్కన నిలబెట్టాడు. వాడు చెప్పకుండానే నోరు తెరిచాడు. చిన్నచిన్న తెల్లటి పళ్లు. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఎఫీ కనిపించింది. రావద్దన్నా వచ్చింది. కొత్త తెల్లగౌను వేసుకుని, జనం వెనక నీళ్లతొట్టి పక్కన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. తనుండాల్సిన చోట విల్బర్ నిలబడి ఉండటం చూస్తోంది.

ఇదే సమయమని ఆయనకి తెలుసు. పిలవాలి. బండి మీద నిలబెట్టి, 'ఇదిగో, ఇవి కూడా చూడండి' అనాలి.

"ఎఫీ, ఇలా రా తల్లీ."

అరవై తలలు తిరిగాయి. ఎఫీ కదల్లేదు. చెయ్యి తీయలేదు. పక్కనున్న రోక్సానా వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది, రెండు చేతులూ జోడించినంత పని చేసింది. అంతమంది కొత్తవాళ్ల ముందు ఆ పసిదాని నోరు తెరిపించడమా? పెద్దయ్యేదాకా అందరూ ఆ మాటే చెప్పుకోరూ?

"...ఏం లేదులే. ఎండలో నిలబడకు," అన్నాడు డాక్టరు.

బిడ్డ పరువు కాపాడానని అనుకున్నాడు ఆ క్షణంలో. అదీ నిజమే కావచ్చు. కాని ధైర్యం చాలలేదు, అసలు సంగతి అది. నోటిమాటతో చెప్పడానికి పిల్ల అక్కర్లేదు కదా!

కిందికి దిగగానే టిల్లా ఎదురొచ్చింది. ఆ కాగితం మడతలు విప్పి చూపించింది.

"ఇది మీరే రాశారు కదండీ? పసిపాపకి కూడా పట్టొచ్చని?"

"నేనే రాశానమ్మా."

"చల్లని మాట చెప్పారు. మీ నోట్లో పంచదార పొయ్య!" అంది. వెంటనే నాలిక్కరుచుకుంది. "అయ్యో, పళ్ల డాక్టరుతో పంచదార మాట!" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విన మనిషి నవ్వులా ఉంది. "భూమి సంగతి ఆయన చూసుకుంటాడు. నాకు నీళ్లొక్కటే చాలండీ."

డాక్టరు ఆ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "అమ్మా, సంతకం పెట్టే ముందు నా గదికి ఒకసారి రా. నాలుగింటికి. బావి పక్కనే. నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పండి."

"తల్లీ, బండి కదుల్తోంది!" అని స్ట్రౌడ్ కేకేశాడు. పొలాలు చూపించే బండ్లు ఆరు వరసగా నిలబడి ఉన్నాయి. భర్త చెయ్యి అందించాడు.

"నాలుగింటికి. మర్చిపోకు," అన్నాడు డాక్టరు.

"వస్తానండీ."

గదికి నడిచి వచ్చేటప్పటికి ఒళ్లంతా చెమట. ఎడమచెయ్యి సీసా బరువుకే లాగుతోంది. దవడ నొప్పి ఇప్పుడు కింది వరుస అంతటా ఉంది. గోడకున్న అద్దం ముందు నిలబడి, తన నోరు తనే తెరుచుకుని, కొక్కెం పిడితో పన్ను తర్వాత పన్ను తట్టుకుంటూ వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా ఎవరు దవడ పట్టుకుని వచ్చినా ఆయన ఏదో ఒక పన్నులో తప్పు పట్టుకోకుండా వదల్లేదు. ఇవాళ తన నోట్లో మాత్రం దొరకడం లేదు. అన్ని పళ్లూ గట్టిగానే ఉన్నాయి. మళ్లీ లవంగనూనె పెట్టుకున్నాడు.

ఆ పళ్లే చూసుకున్నాడు గాని ఛాతీ మీద చెయ్యి వేసుకోలేదు పాపం.

తర్వాత బల్ల ముందు కూర్చున్నాడు. ఈసారి కలం ఆగలేదు.

'ఈ సీసాలో ఉన్నవి పాలపళ్లు. వీటిని నమ్మకండి. లోతు బావి నీళ్లు పసితనం నుంచి తాగిన పిల్లలకి తర్వాత వచ్చే పళ్లు మచ్చలతో, గుంటలతో వస్తున్నాయి. తల్లుల తప్పు లేదు. ఏడేళ్లు నిండేదాకా పిల్లలకి వాననీళ్లు పట్టి, కాచి తాగించండి. ఈ సంగతి నాకు ఫిబ్రవరి నుంచి తెలుసు. చెప్పనందుకు క్షమించండి. ఆల్వా ప్రూయిట్.'

రెండుసార్లు చదువుకున్నాడు. సాయంత్రం చర్చి హాల్లో కొత్తవాళ్లందరికీ భోజనాలు. బల్లల మీద మొక్కజొన్న రొట్టె పెట్టే ముందు లేచి ఇది చదవాలి. ముందు టిల్లాకి, తర్వాత అందరికీ. స్ట్రౌడ్ ఏమంటే అననీ. రోక్సానా ఇంటికెళ్లి, 'నువ్వు బాగానే తోమావమ్మా' అని చెప్పాలి. మిసెస్ కిట్రిడ్జ్‌కీ చెప్పాలి. ఆ తొమ్మిదిమందికీ చెప్పాలి. అలా అనుకుంటూంటే ఎన్నాళ్లకో ఆయన మనసు తేలికపడింది.

కాగితం మడిచి సీసాలో పళ్ల మీద పెట్టి మూత బిగించాడు. సీసా తీసుకుని, ముప్పై ఏళ్లుగా ఇతరుల్ని కూర్చోబెట్టిన తన కుర్చీలో తనే కూర్చున్నాడు. తల వెనక్కి ఆన్చాడు. ఇంత మెత్తగా ఉంటుందా ఇది అనుకున్నాడు. గడియారంలో నాలుగు కావడానికి పది నిమిషాలుంది. సీసాను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, తలుపు వైపు చూస్తూ ఉన్నాడు.

పొలాల బండి ఆలస్యమైంది. ఒక చక్రం ఇసుకలో దిగబడిందట. టిల్లా వచ్చేటప్పటికి ఐదు దాటింది. తలుపు తెరిచే ఉంది. లోపలికి తొంగిచూసింది. ముసలాయన కుర్చీలో తల పక్కకి వాల్చి ఉన్నాడు. ఒళ్లో సీసా. పొద్దున్నించీ ఎండలో నిలబడి అలసిపోయారు, ఏదో కునుకు పట్టింది, లేపడం దేనికి అనుకుంది. కాసేపు గుమ్మంలోనే నిలబడింది. గాలికి దుమ్ము లోపలికి కొడుతుంటే తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగింది. మెట్లు దిగి బావి దగ్గరికెళ్లి, రేకుకప్పుతో నీళ్లు పట్టుకుని ఒక చేత్తో కడుపు పట్టుకుని తాగింది. ఇంకో కప్పు తాగింది.

"అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయో!" అంది బండి దగ్గరున్న భర్తతో.

ఆరింటికి స్ట్రౌడ్ భోజనాలకి పిలవడానికొచ్చాడు. "డాక్టరూ, మీకోసం అందరూ... డాక్టరూ?" అని చెయ్యి ముట్టుకున్నాడు. చల్లగా తగిలింది. టోపీ తీశాడు. కళ్లు తుడుచుకున్నాడు. అది నటన కాదు. ఆరు చిన్న పెట్టెలు కలిసి మోసిన మనుషులు.

ఆ వేళ్ల మధ్య నుంచి సీసా తీస్తుంటే లోపల కాగితం కనబడింది. మూత విప్పి చదివాడు. మళ్లీ చదివాడు. కిటికీలోంచి చర్చి హాలు వైపు చూశాడు. అక్కడ కొత్తవాళ్లు నవ్వుతున్నారు, పిల్లలు పరుగులు పెడుతున్నారు. పొయ్యి ఆరిపోయి ఉంది. అగ్గిపుల్ల గీసి, కాగితం అంటించి, పొయ్యిలో వేసి, మొత్తం నుసి అయ్యేదాకా చూసి, అప్పుడు బయటికొచ్చి గట్టిగా జనాన్ని పిలిచాడు.

మర్నాడు ఆదివారం మట్టి చేశారు. పెట్టె మీద ఆయన పెంచిన గోధుమ వెన్నులే పెట్టారు. గింజ పట్టకముందే ఎండిన వెన్నులు అవి. ఊరు ఊరంతా వచ్చింది. కొత్తవాళ్లూ వచ్చారు. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఒక్కరోజు పరిచయమైన టిల్లాయే. "నాకేదో చెప్తానన్నారు. నేనే ఆలస్యంగా వెళ్లాను," అని పక్కవాళ్లతో అంటూనే ఉంది. "నన్ను తిట్టకుండానే పోయారు మహానుభావుడు," అని రోక్సానా ముక్కు చీదింది. ఎఫీ ఏడవలేదు, మాట్లాడలేదు. నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీయలేదు.

ఆ సాయంత్రం మైలో స్ట్రౌడ్, కొట్టు నుంచి ఖాళీ పీపా ఒకటి దొర్లించుకొచ్చి, తన ఇంటి చూరు కింద నిలబెట్టాడు. రేకుగొట్టాన్ని వంచి దాని మూతిలోకి సరిగ్గా అమర్చాడు.

"ఇదేంటయ్యా మైలో, వానెక్కడుందని?" అని నవ్వాడు పక్కింటి కిట్రిడ్జ్.

"వస్తుందిలే," అన్నాడు స్ట్రౌడ్. మెట్ల మీద కూర్చుని జూనీ రేకుకప్పులో నీళ్లు తాగుతోంది. వెళ్లి ఆ కప్పు లాక్కుని నీళ్లు మట్టిలో పారబోశాడు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. పడమట ఆ దుమ్ముచార ఇంకా అలాగే ఉంది.

సోమవారం పొద్దున్న లిండ్‌క్విస్ట్ దంపతులు భూముల ఆఫీసుకొచ్చారు. వాగుకి ఏడు మైళ్ల దూరంలో నూటఅరవై ఎకరాలు, లోతు బావి ఉన్న చెక్క. భర్త సంతకం పెట్టాక టిల్లా కూడా పెట్టింది. కలం కింద పెట్టి, కిటికీ వైపు చూసి, "అది డాక్టర్ గారి సీసా కదండీ?" అంది.

"అవునమ్మా. వచ్చేపోయేవాళ్లు చూస్తారని ఇక్కడికి తెచ్చాం."

తెరిచిన తలుపులోంచి గాలి విసిరింది. బల్ల మీది కాగితాలు లేచాయి. స్ట్రౌడ్ చెయ్యి చాచి కిటికీలోంచి సీసా అందుకుని, సిరా ఇంకా ఆరని ఆ కాగితం మీద పెట్టాడు. నిండా తెల్లటి పళ్లు, అన్నిటికన్నా పైన ఎఫీది.